అరమైలు పరుగువీరుడు శ్రీరాంసింగు

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలువబడి నీళ్ళు త్రాగుట మేలని మన పెద్దల మాట. ఆత్రపడి ఆపద కొనితెచ్చుకొనవలదని బోధించుటకు ఆ సామెత తగినదే. అయినను లోకమున కొందఱు పరుగునే వ్రతముగా గైకొని, పాలు లభించునో లేదో యన్న చింత విడిచి, తమ శక్తిని కడపటి బొట్టువఱకు ధారపోయుదురు. అట్టివారిలో శ్రీరాంసింగు ఒకడు. ఆయన రాజస్థానమున ఒక పల్లెలో పుట్టి, సైన్యమున జవానుగా చేరి, 1976వ సంవత్సరమున కెనడా దేశపు మాంట్రియల్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో 800 మీటర్ల తుదిపందెమున పాల్గొనెను. ఆ పందెమున సగము దూరమువఱకు ప్రపంచవీరుల నందఱను వెనుక నుంచుకొని పరుగెత్తెను.

చివఱకు ఆయనకు దక్కినది ఏడవ స్థానము. పతకము రాలేదు. పతకముల పట్టికను మాత్రమే చూచువారికి ఆయన పేరే కానరాదు. అయినను ఆనాడు ఆయన నెలకొల్పిన భారతీయ రికార్డు దాదాపు 42 సంవత్సరములు చెక్కుచెదరక నిలిచెను. ఏడవవాని పరుగును దేశము ఏల ఇంతకాలము తలచుకొనవలసి వచ్చెను? ఏడవ స్థానమును అపజయ మనవలెనా, విజయ మనవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము శ్రీరాంసింగు అంతర్జాతీయ క్రీడాజీవితమును మొదటినుండి పరిశీలించిన గాని దొరకదు.

ఎనిమిది వందల మీటర్ల పందెము

పరుగుపందెములు స్థూలముగా మూడు విధములు. నూఱు మొదలు నాలుగు వందల మీటర్లవఱకు గల పందెములు పొట్టి పరుగులు. అయిదు వేల మీటర్లు, పది వేల మీటర్లు, ఆపైని మారథాన్ అనునవి దూరపు పరుగులు. ఈ రెంటికిని నడుమ 800 మీటర్లు, 1500 మీటర్లు అను మధ్యదూరపు పరుగు లున్నవి. ఇంగ్లీషువారి కొలతలో 800 మీటర్లు ఇంచుమించు అరమైలు. క్రీడాస్థలమున బాట ఒక చుట్టునకు 400 మీటర్లు గనుక ఈ పందెము సరిగా రెండు చుట్లు.

పొట్టి పరుగునకు వేగము ముఖ్యము, దూరపు పరుగునకు ఓర్పు ముఖ్యము. అరమైలు పరుగునకు ఈ రెండును సమముగా కావలెను. ఆరంభమునుండి బాణమువలె దూసుకొనిపోయినచో రెండవ చుట్టులో ఊపిరి చాలదు, కాళ్ళు సీసమువలె బరువెక్కును. నెమ్మదిగా పోయినచో తక్కినవారు కడపట మించిపోవుదురు. కావుననే పరుగుపందెములలో మిక్కిలి కఠినమైనది ఇదియే యని పెక్కుమంది చెప్పుదురు.

ఈ పందెమున మఱియొక చిక్కు కలదు. అందఱికంటె ముందు పోవువాడు ఎదురుగాలిని తానే చీల్చుకొనుచు పోవలెను. వేగమును నిర్ణయించు భారమును వానిపైననే యుండును. వెనుక నున్నవారు ఆ భారము లేక, ముందువాని నీడలో నడచి, శక్తిని దాచుకొని, చివరి నూఱు మీటర్లలో ఎగబడుదురు. గెలుపునే కోరువా డొక్కొక్కప్పుడు వెనుకనే యుండుట లాభము. ముందు నిలిచి నడిపించుటకు సాహసము కావలెను. అందుకు చెల్లింపవలసిన వెలయును ఎక్కువ. శ్రీరాంసింగు కథలో ముఖ్యమైన ఘట్టము ఈ విషయము నెఱిగిన గాని బోధపడదు.

అంతకు ముందటి భారతీయులు

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1951లో ఢిల్లీ నగరమున మొదటి ఆసియా క్రీడలు జరిగెను. అందు 800 మీటర్ల పందెమున రంజిత్ సింగ్, 1500 మీటర్ల పందెమున నిక్కా సింగ్ స్వర్ణపతకములు గెలిచిరి. 1966లో బాంకాకు నగరమున అస్సాము వాసియైన భోగేశ్వర్ బరువా 800 మీటర్ల పందెమును 1 నిమిషము 49.4 సెకనులలో ముగించి స్వర్ణము సాధించెను. బరువాయును సైనికుడే.

ఆసియాలో మనవారు ఇట్లు రాణించినను ఒలింపిక్ క్రీడలలో పరుగుపందెపు తుదిపోటీకి చేరుటయే గగనముగా నుండెను. 1960లో రోము నగరమున 400 మీటర్ల పందెములో మిల్ఖాసింగు నాలుగవ స్థానము పొందెను. 1964లో టోకియో నగరమున 110 మీటర్ల హర్డిల్స్ పందెములో గురుబచన్ సింగ్ రంధావా అయిదవ స్థానము పొందెను. పతకమునకు ఒక అడుగు దూరమున ఆగిన ఆ ఘట్టములను దేశము ఎన్నడును మఱువలేదు. అయినను 800 మీటర్ల ఒలింపిక్ తుదిపందెమున భారతీయుడొకడు నిలుచునని ఆ కాలమున ఊహించినవారు అరుదు.

పల్లెనుండి పటాలమునకు

శ్రీరాంసింగు శెఖావత్ 1948లో రాజస్థానము నందలి బడ్‌నగర్ అను గ్రామమున జన్మించెను. 1968లో ఆయన రాజపుతానా రైఫిల్స్ పటాలమున చేరెను. మన దేశమున ఆ తరమువారిలో పరుగుపందెములందు పేరుగాంచినవారు పెక్కుమంది సైన్యమునుండియే వచ్చిరని గమనింపవలెను. మిల్ఖాసింగు, భోగేశ్వర్ బరువా, మారథాన్ వీరుడు శివనాథ్ సింగ్, అందఱును సైనికులే. పల్లెటూరి యువకునకు బలము, పట్టుదల ఉన్నను, సాధన చేయుటకు తీరిక, వేళకు మంచి తిండి, నేర్పువాడు అను మూడును ఇంటివద్ద దొరకవు. ఆ మూడును ఒకచోట సమకూర్చినది ఆ కాలమున పటాలమే.

పటాలములో చేరిన శ్రీరాంసింగునకు తగిన గురువు లభించెను. ఆ గురువు మహమ్మద్ ఇలియాస్ బాబర్. అంతవఱకు శ్రీరాంసింగు 400 మీటర్ల పందెమునే అభిమానించుచుండెను. ఆ పందెమును విడిచి 800 మీటర్లకు మాఱుమని బాబరు ఆయనకు సలహా యిచ్చెను. ఒక చుట్టు పందెమున వేగము గడించినవానికి ఓర్పు అలవఱచినచో రెండు చుట్ల పందెమున వానిని మించుట కష్ట మన్నది ఈ మార్పునకు మూలమైన సూత్రము. వినుటకు ఇది తేలిక. ఆచరించుట తేలిక కాదు. ఒక చుట్టు పరుగెత్తి ఆగుట కలవాటుపడిన దేహమును, అదే ఊపుతో మఱియొక చుట్టునకు సిద్ధపఱుపవలెను. అందులకు నెలలు చాలవు, సంవత్సరములు పట్టును. శిష్యుడు గురువు మాటను నమ్మెను. ఆ నమ్మకమే ఆయన జీవితమును మలుపు త్రిప్పెను.

ఆసియా విజయములు

పటాలమున చేరిన రెండు సంవత్సరములకే, 1970లో, బాంకాకు నగరమున జరిగిన ఆసియా క్రీడలకు శ్రీరాంసింగు ఎన్నికయ్యెను. అచట 800 మీటర్ల పందెమున బర్మా దేశీయుడైన జిమ్మీ క్రాంప్టన్ ప్రథముడుగా రాగా, శ్రీరాంసింగు రజతపతకము పొందెను. 1972లో జర్మనీ దేశమున మ్యూనిక్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో పాల్గొని, తన వేగమును మునుపటికంటె మెఱుగుపఱచుకొనెను. అయినను ప్రాథమిక పరుగును దాటి ముందునకు పోజాలకపోయెను. ఆసియాలో రెండవవానికి ప్రపంచమున మొదటి మెట్టుకూడ దుర్లభమని ఆ అనుభవము తెలియజేసెను. సామాన్యుడైనచో అంతటితో తృప్తిపడి యుండును. శ్రీరాంసింగు తిరిగివచ్చి సాధనను ద్విగుణీకృతము చేసెను.

ఫలితము శీఘ్రముగనే కానవచ్చెను. 1973లో మనీలా నగరమున జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్ పోటీలలో ఆయన స్వర్ణపతకము గెలిచెను. ఆ సంవత్సరమునకే ప్రభుత్వము అర్జున పురస్కారముతో ఆయనను సత్కరించెను. 1974లో ఇరాన్ దేశపు రాజధాని టెహరాన్‌లో జరిగిన ఆసియా క్రీడలలో 1 నిమిషము 47.6 సెకనులలో 800 మీటర్లు పరుగెత్తి స్వర్ణమును గైకొనెను. ఆ సంవత్సరముననే పద్మశ్రీ బిరుదమును పొందెను. 1975లో సియోల్ నగరమున మఱల ఆసియా ఛాంపియన్ అయ్యెను.

ఇంతటితో ఆసియా ఖండమున ఆయనకు సాటి లేదని తేలిపోయెను. ఆసియాలో ప్రథముడైనవాడు ప్రపంచమున ఎన్నవవాడు? ఈ ప్రశ్నను మ్యూనిక్ నగరము మిగిల్చెను. దానికి సమాధానము చెప్పుటకే శ్రీరాంసింగు మాంట్రియల్ నగరమునకు ప్రయాణమయ్యెను.

మాంట్రియల్: మూడు దినములు, మూడు పందెములు

1976 నాటి ఒలింపిక్ క్రీడలు ఆరంభమునుండియే కలత చెందినవి. వర్ణవివక్షను పాటించుచున్న దక్షిణాఫ్రికాకు న్యూజీలాండు రగ్బీ జట్టు వెళ్ళి ఆడుటను నిరసించుచు ఇరువదికి పైగా దేశములు, అందు ఆఫ్రికా ఖండమువే ఎక్కువ, ఆ క్రీడలను బహిష్కరించెను. అందువలన మ్యూనిక్‌లో 800 మీటర్ల కాంస్యపతకము గెలిచిన కెన్యా వీరుడు మైక్ బోయిట్ మాంట్రియల్ బరిలో దిగలేదు. అయినను మిగిలినవారిలో మేటివారికి కొదువ లేదు.

జులై 23వ తేదీన ప్రాథమిక పరుగులు జరిగెను. శ్రీరాంసింగు 1 నిమిషము 46 సెకనుల లోపుననే పందెమును ముగించి క్రొత్త ఆసియా రికార్డు నెలకొల్పెను. నాలుగేండ్లక్రింద ఇదే మెట్టువద్ద ఆగిపోయిన వ్యక్తి ఈమాఱు ఖండమంతటిలో నెవ్వడును పరుగెత్తని వేగమున దానిని దాటెను. మఱునాడు సెమీఫైనలు. అందును నెగ్గి తుదిపోటీకి అర్హుడయ్యెను.

జులై 25వ తేదీన ఎనమండుగురు వీరులు గీతవద్ద నిలిచిరి. ఆ ఎనమండుగురిలో కొందఱి నైనను పాఠకు లెఱుంగుట అవసరము. క్యూబా దేశీయుడు ఆల్బెర్తో జువాంతొరేనా భీమకాయుడు. ఆయన అడుగు దాదాపు తొమ్మిది అడుగుల పొడవుండునని ప్రతీతి. ఆయనయు మొదట 400 మీటర్ల వీరుడే. 800 మీటర్ల పందెమునకు అప్పుడప్పుడే క్రొత్త. అమెరికా దేశీయుడు రిక్ వోల్‌హూటర్ రెండేండ్లక్రిందట 880 గజముల పందెమున ప్రపంచ రికార్డు నెలకొల్పినవాడు. యుగోస్లావియా దేశీయుడు లూసియానో సుశాన్య్ 1974లో ఐరోపా ఛాంపియన్. బెల్జియము యువకుడు ఈవో వాన్ డామ్, జర్మనీ వాసి విల్లీ వుల్‌బెక్, ఇంగ్లండు యువకుడు స్టీవ్ ఓవెట్, ఇటలీ వాసి కార్లో గ్రిప్పో తక్కినవారు. వీరి నడుమ భారత సైనికుడు శ్రీరాంసింగు.

తుపాకి మ్రోగెను. ఇట్టి పందెములలో మొదటి చుట్టున ఎవరికి వారు వెనుకకు జంకుట కద్దు. శ్రీరాంసింగు జంకలేదు. తన శక్తిపై తనకు గల నమ్మకముతో ముందునకు దూకి వేగమును తానే నిర్ణయించెను. మొదటి చుట్టు ముగిసి గంట మ్రోగునప్పటికి అందఱికంటె ముందున్నవాడు ఆయనయే. ఆ చుట్టునకు పట్టిన కాలము 50.85 సెకనులు. ఆయన వెనుకనే జువాంతొరేనా పొడవైన అంగలతో కాచుకొని యుండెను.

రెండవ చుట్టున క్యూబా వీరుడు ముందునకు వచ్చెను. వోల్‌హూటర్ ఆయనను అందుకొనుటకు ప్రయత్నించి విఫలుడయ్యెను. కడపటి ఘట్టమున వాన్ డామ్ వోల్‌హూటరును దాటి రెండవ స్థానమును గైకొనెను. జువాంతొరేనా 1 నిమిషము 43.50 సెకనులలో గమ్యము చేరి, 1973లో ఇటలీకి చెందిన ఫియాస్కొనారో నెలకొల్పిన 1 నిమిషము 43.7 సెకనుల ప్రపంచ రికార్డును అధిగమించెను. వాన్ డామ్ 1 నిమిషము 43.86 సెకనులతో రజతమును, వోల్‌హూటర్ 1 నిమిషము 44.12 సెకనులతో కాంస్యమును పొందిరి. వుల్‌బెక్, ఓవెట్, సుశాన్య్ వరుసగా నాలుగు, అయిదు, ఆఱు స్థానములను పొందిరి. శ్రీరాంసింగు 1 నిమిషము 45.77 సెకనులలో ఏడవవాడుగా గమ్యము చేరెను.

ఆఱవవానికిని ఆయనకును నడుమ భేదము సెకనులో నూఱవ వంతులు రెండు. ఆ వేగమున దానిని నేలపై కొలిచినచో జానెడైనను లేదు.

ఆనాటి మొదటి చుట్టు వేగమే ప్రపంచ రికార్డునకు దారితీసినదని విజేతయైన జువాంతొరేనాయే తరువాత శ్రీరాంసింగును మెచ్చుకొనెను. నాలుగు దినముల తరువాత జువాంతొరేనా 400 మీటర్ల పందెమును సైతము గెలిచి, ఒకే ఒలింపిక్ క్రీడలలో ఆ రెండు పందెములను గెలిచినవాడుగా చరిత్ర కెక్కెను. ఆ చరిత్రలో మొదటి పుటను వ్రాయుటకు తోడ్పడినది మన దేశపు జవాను.

రెండు ఏడవ స్థానములు

మాంట్రియల్ క్రీడలనుండి భారతదేశము ఒక్క పతకమైనను లేక తిరిగివచ్చెను. 1928నుండి ప్రతి ఒలింపిక్ క్రీడలయందును హాకీలో పతకము తెచ్చుచు వచ్చిన మన జట్టు, కృత్రిమమైన పచ్చిక పఱచిన క్రొత్త బరిపై తడబడి, ఆ ఏడు ఏడవ స్థానమునకు జాఱిపోయెను. ఎనిమిదిమాఱులు లోకమును జయించిన హాకీకి ఏడవ స్థానము; ఒక్కమాఱైనను తుదిపోటీ చూచి యెఱుగని 800 మీటర్ల పందెమునకు ఏడవ స్థానము. అంకె యొకటే. ఒకటి కొండ కొమ్మునుండి దిగినవాని మెట్టు, రెండవది లోయనుండి ఎక్కినవాని మెట్టు. ఈ రెంటిని ఒకే త్రాసున తూచుట న్యాయము కాదు.

శ్రీరాంసింగు పరుగును తూచుటకు వేఱొక మార్గము కలదు. 1972లో మ్యూనిక్ నగరమున ఇదే పందెమునకు స్వర్ణపతకము గెలిచిన అమెరికా దేశీయుడు డేవ్ వాటిల్‌కు పట్టిన కాలము 1 నిమిషము 45.86 సెకనులు. మాంట్రియల్‌లో శ్రీరాంసింగు కాలము దానికంటె తక్కువ. 1980లో మాస్కో నగరమున రజతపతకము పొందిన సెబాస్టియన్ కో కాలము 1 నిమిషము 45.85 సెకనులు. అదియు శ్రీరాంసింగు కాలముకంటె ఎక్కువే. ఏ పందెము తీరు దానిదే. ఒకచోటి కాలమును మఱియొకచోటికి మోసికొనిపోయి పతకము నడుగుట చెల్లదు. అయినను ఆయన వేగము ప్రపంచములో ఏ శ్రేణికి చెందినదో తెలిసికొనుటకు ఈ అంకెలు చాలును. ఆయన వేగము గంటకు 27 కిలోమీటర్లకు పైగా నుండెను. చక్కని బాటపై సైకిలు త్రొక్కువాడు సైతము అంత వేగమున పోవుట అరుదు.

ఆయనను మించినవారు ఎట్టివారో కూడ చూడవలెను. అయిదవవాడైన ఓవెట్ నాలుగేండ్లకు మాస్కోలో ఇదే పందెమున ఒలింపిక్ విజేత యయ్యెను. నాలుగవవాడైన వుల్‌బెక్ 1983లో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలలో విజేత యయ్యెను. రెండవవాడైన వాన్ డామ్ మాత్రము ఆ ఏటి డిసెంబరు నెలలోనే మోటారు ప్రమాదమున అకాలమరణము చెందెను. అట్టివారి నడుమ మొదటి చుట్టంతయు ముందు నడచినవాడు కడపట ఏడవవాడైనను తలవంచుకొనవలసిన పని లేదు.

అట్లు ముందు నడువక వెనుక దాగి యుండినచో ఒకటి రెండు స్థానములు పైకి వచ్చియుండెడివాడని వాదించువారు ఉండవచ్చును. శ్రీరాంసింగు మొదటి చుట్టును 50.85 సెకనులలోను, రెండవ చుట్టును దాదాపు 54.9 సెకనులలోను పరుగెత్తెను. రెంటికిని భేదము నాలుగు సెకనులు. శక్తిని ఇంకను సమముగా పంచుకొనవలసిన దన్నది యుక్తమైన మాటయే. కాని ఆయనకున్న లక్ష్యము ఒక స్థానమును ప్రాకులాడుట కాదు. తన దేహమునకు సాధ్యమైన కడపటి హద్దును చూచుట ఆయన లక్ష్యమై యుండునని ఆ పరుగే చెప్పుచున్నది. ఆ హద్దును ఆయన చూచెను. ఆ తరువాత ఆయనయు దానిని మఱల దాటలేదు.

తరువాతి కాలము

మాంట్రియల్ తరువాతను శ్రీరాంసింగు పరుగు మానలేదు. 1978లో బాంకాకు నగరమున మఱల ఆసియా క్రీడలు జరిగెను. ఎనిమిదేండ్లక్రింద రజతముతో తృప్తిపడిన అదే నగరమున ఈమాఱు 1 నిమిషము 48.8 సెకనులలో స్వర్ణమును గైకొనెను. వరుసగా రెండు ఆసియా క్రీడలలో 800 మీటర్ల స్వర్ణపతకము ఆయన సొత్తయ్యెను. 1980లో మాస్కో ఒలింపిక్ క్రీడలలో సెమీఫైనలువఱకు చేరెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పది దాటినది. ఆయన అంతర్జాతీయ క్రీడాజీవితమున అదియే మూడవ ఒలింపిక్.

గురువైన బాబరు కృషియు ఒక్క శిష్యునితో ఆగలేదు. 1978లో బాంకాకు నగరమున స్త్రీల 800 మీటర్ల పందెమున స్వర్ణము గెలిచిన గీతా జుత్షీ ఆయన శిష్యురాలు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలలో 1 నిమిషము 46.81 సెకనులలో 800 మీటర్ల స్వర్ణమును గెలిచిన చార్లెస్ బొరోమియో ఆయన శిష్యుడే. 1966లో బరువా, 1974లోను 1978లోను శ్రీరాంసింగు, 1982లో బొరోమియో. ఈ వరుసను చూచినచో ఒక తరము మఱియొక తరమునకు దివిటీ నందించినట్లు తోచును. 1994లో ప్రభుత్వము బాబరుకు ద్రోణాచార్య పురస్కారము నిచ్చెను.

మాంట్రియల్ కాలము 1994వఱకు ఆసియా ఖండపు రికార్డుగా నిలిచెను. ఆ సంవత్సరమున దక్షిణ కొరియా వాసి లీ జిన్ ఇల్ దానిని మించెను. భారతీయ రికార్డుగా మాత్రము అది మఱి యిరువదినాలుగేండ్లు నిలిచెను. 2018 జూన్ నెలలో గౌహతి నగరమున కేరళ వాసి జిన్సన్ జాన్సన్ 1 నిమిషము 45.65 సెకనులలో పరుగెత్తి దానిని అధిగమించెను. నలువది రెండేండ్లకు దేశము సాధించిన పురోగతి సెకనులో నూఱవ వంతులు పండ్రెండు. జాన్సన్ కూడ సైనికుడే యగుట గమనింపదగినది. అదే ఏట జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో మంజిత్ సింగ్ 800 మీటర్ల స్వర్ణమును, జాన్సన్ రజతమును గెలిచిరి. 2025లో మహమ్మద్ అఫ్సల్ జాన్సన్ రికార్డును సైతము దాటెను.

ఆ రికార్డు చెప్పు నీతి

ఒక రికార్డు 42 ఏండ్లు నిలుచుటను గూర్చి రెండు విధముల ఆలోచింపవలెను. నెలకొల్పినవానికి అది కీర్తి. నిలువనిచ్చిన దేశమునకు అది హెచ్చరిక. శ్రీరాంసింగు పరుగెత్తిననాడు మన దేశమున కృత్రిమ పరుగుబాటలు అరుదు. విదేశములకు పోయి మేటివారితో పోటీపడు అవకాశములు కొద్ది. ఆ తరువాతి కాలమున బాటలు వచ్చినవి, సౌకర్యములు పెరిగినవి, జనసంఖ్య రెట్టింపైనది. అయినను ఆ కాలమును దాటువాడు కానరాలేదు. ఇందుకు కారణము మన యువకులలో శక్తి లేకపోవుట కాదు. బడ్‌నగర్ వంటి పల్లెలు దేశమున లక్షలు కలవు. ఆ పల్లెలలో పొలముగట్లపై పరుగెత్తు బాలుర కాళ్ళలో ఏ వేగమున్నదో కొలిచి చూచువారు లేరు. శ్రీరాంసింగును పటాలము చూచినది. పటాలములో బాబరు చూచెను. చూచువాడు లేనిచో శ్రీరాంసింగు కూడ పేరులేని ఒక సిపాయిగా మిగిలియుండును.

కావున ఏడవ స్థానము అపజయమా, విజయమా యన్న ప్రశ్నకు ఇట్లు చెప్పవచ్చును. శ్రీరాంసింగునకు అది విజయమే. ఏలయన ఆయన తనకున్న శక్తిలో దేనిని దాచుకొనలేదు. దేశమునకు మాత్రము అది ఒక ఋణము. ఒక పల్లెటూరి జవాను మొదటి చుట్టువఱకు ప్రపంచమునకు దారి చూపగలిగినప్పుడు, రెండవ చుట్టునకు కావలసిన బలమును సమకూర్చుట ఆయన వెనుక నున్న సమాజపు విధి. పాఠశాలలో ఆటస్థలము, ఊరిలో వ్యాయామశాల, వేళకు పిలిచి నేర్పు ఉపాధ్యాయుడు, మేటివారి చరిత్రలను చదివించు గ్రంథాలయము. ఆ ఋణమును తీర్చు మార్గము లివియే.

గ్రామమునందలి బాలు డెవడైనను బడి విడిచిన పిదప చెఱువుగట్టుపై పరుగెత్తుచు కనబడినచో, పెద్దలు వానిని ఊరక తిరుగుబోతని మందలింపక, ఒకమాఱు దూరము కొలిచి, గడియారము చేతబట్టి చూచుట మంచిది. 1 నిమిషము 45.77 సెకనుల అంకెయు మొదట అట్లు ఎవరో ఒకరు చూచుటవలననే పుట్టినది.